పెరటి కంకర మీద జిగురు

“మళ్ళీ ఎవరో ఒకరు ఇక్కడ జారి పడతారు, రాసిపెట్టుకోండి,” అన్నాను వంటింటి వెనక గుమ్మంలో నిలబడి. అప్పటికి పెరట్లో ఎవరూ కాలు పెట్టనేలేదు. రాత్రి కురిసిన వాన అప్పుడే వెలిసింది, చూరు చివర చుక్కలు ఒకదాని వెనక ఒకటి వేలాడుతున్నాయి. మా ఆయన బడి వ్యాను తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, “నువ్వు చెప్పినవన్నీ రాసిపెట్టుకుంటే మనింటి గోడలు చాలవే, పక్కింటివాళ్ళ గోడ కూడా అద్దెకడగాలి,” అన్నారు. ఆయనకి అన్నీ నవ్వులాటే. వీధి గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి, గొంతు తగ్గించి, “పిచ్చుక ఏమైనా అందా?” అని అడిగారు. ఏమీ అనలేదని తల అడ్డంగా ఊపాను. పిచ్చుక మా అమ్మాయి. చిన్నప్పుడు ఎప్పుడు చూసినా ఏదో ఒక గోడెక్కి కూర్చునేదని ఆయన పెట్టిన ముద్దుపేరు, పెద్దయ్యాక అది కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగంలో చేరిందంటే సగం పాపం ఆ పేరుదేనని నేనంటాను. కాలు విరిగి, కట్టు కట్టించుకుని, విప్పించుకుని, చిన్నపిల్లలా మళ్ళీ నడక నేర్చుకుని, ఇవాళ పనికి వెళ్ళబోతోంది. కాసేపట్లో జీపు వస్తుంది. నిచ్చెనలు కట్టిన జీపు ముందు సందులోకి పట్టదు, వెనక దారిలో ఆగుతుంది, అంటే నా కూతురు ఈ పెరటి కంకర మీద నుంచే గేటు దాకా నడవాలి, ఎక్కడ పడిందో అక్కడి నుంచే. ఎక్కడికి వెళ్తుందో మాత్రం ఇంకా తెలియదు. “స్తంభమైతే స్తంభం, లేదంటే ఫిర్యాదుల గదిలో కుర్చీ ఖాళీగా ఉంది, ఫోనెత్తి మాట్లాడటమే. జీపు వచ్చేసరికి ఆలోచించుకుని చెప్పమ్మా,” అని వాళ్ళ సూపర్‌వైజరు నిన్న సాయంత్రం ఫోన్లో అంటుంటే నేనూ విన్నాను. అది ‘ఊ’ అని పెట్టేసింది. అంతే, ఇక నోరు విప్పలేదు. కుర్చీ, నేల మీద గట్టిగా నిలబడే నాలుగు కాళ్ళ కుర్చీ, పైన పంకా, చేతిలో ఫోను. దాన్ని తలుచుకుంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు, భయంతో కాదు, మొదటిసారి సంతోషంతో.

ఆ కుర్చీ రంగు ఎలా ఉంటుందో అనుకుంటూనే చీపురు కోసం ప్రహరీ దగ్గరికి వెళ్ళాను, అక్కడ మూత కనిపించి ఒక్కసారి ఆగిపోయాను. పాత స్టీలు డబ్బా మూత. పిచ్చుక పడిన వారంలోనే, దాని కాలు జార్చిన ఈ జిగురు ఏమిటో తేల్చుకోవాలని ఒక ముద్ద తీసి అందులో వేసి గోడ మీద పెట్టాను. సాయంత్రానికల్లా ఎండిపోయి, కాల్చిన కాగితం ముక్కలా నల్లగా, వేలితో తాకితే పెళపెళలాడేలా అయిపోయింది. చచ్చింది, పీడా పోయింది అనుకుని మూతనే మర్చిపోయాను. ఎండలు కాశాయి, గాలులు వీచాయి, అది అలాగే పడి ఉంది. ఇప్పుడు చూస్తే మూత నిండా వాన నీళ్ళు, ఆ నీళ్ళలో నిగనిగలాడుతూ, ముడతలు ముడతలుగా, ఆకుపచ్చకీ గోధుమరంగుకీ మధ్య రంగులో, చెవి తమ్మె అంత మెత్తగా ఉబ్బిపోయి అదే ముక్క. చావలేదు. ఇన్నాళ్ళూ చచ్చినట్టు పడుకుంది. నాకు ఒళ్ళు జలదరించింది, వెంటనే నవ్వొచ్చింది, ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. పిచ్చుకా, ఇటు రావే, ఇది చూడు అని కేక వెయ్యబోయి కిటికీ వైపు చూశాను. అది కుర్చీలో కూర్చుని మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఎటో చూస్తోంది. కేక గొంతులోనే మింగేశాను.

మొదట్లో దీన్ని ఏమేమనుకున్నామో తలుచుకుంటే సిగ్గేస్తుంది. కప్ప గుడ్లన్నాను నేను. ఎవరి పిల్లాడో తింటున్న జెల్లీ పారేశాడన్నారు మా ఆయన. కుక్క కక్కిందేమో, మందు పెట్టి చంపుతున్నారేమో, ఆ కుక్క ఎక్కడ పడుందో అని నేను వీధంతా వెతికాను కూడా. ఆకాశంలోంచి పడిందేమోనని పక్కింటి వదిన అంది, ఆవిడకి ఏదైనా ఆకాశం నుంచే పడుతుంది. విషమైతే గాలిలో కలిసి ఇంట్లోకి వస్తుందని కిటికీలు మూయించి, ఉక్కపోతలో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాను. చివరికి ఒక ముద్దని ప్లాస్టిక్ సంచిలో కట్టి మొక్కలమ్మే కొట్టావిడ దగ్గరికి తీసుకెళ్ళాను, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే. ఆవిడ సంచి విప్పి, ముద్దని వేళ్ళ మధ్య నలిపి, “ఇదా, నాచులో ఒక జాతండీ, నాస్టాక్ అంటారు. మొక్కలకేం కాదు, మనుషులకీ అంటుకోదు. జారిపడితే మాత్రం నా పూచీ లేదు,” అని నవ్వింది. నాచు. ఇంతకాలం నా గుండెని గుప్పెట్లో పట్టుకున్నది నాచు. బళ్ళో ఎనిమిదో తరగతి దాకా చదివాను కదా, నాచంటే చెరువులో పచ్చగా దారాల్లా ఉంటుందనే తెలుసు, ఇలా ముద్దగా, కంకర రాళ్ళ మధ్య, ఎవరో వడ్డించినట్టు ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

చీర కుచ్చిళ్ళు దోపుకుని, పాత తాపీ ఒకటీ చెత్త చేట ఒకటీ బక్కెట్టు ఒకటీ పెట్టుకుని గొంతుక్కూర్చున్నాను. వాన తాగి ఉబ్బినప్పుడే దీన్ని పట్టుకోవాలి. ఎండితే నల్లగా రాళ్ళకి కరుచుకుని మట్టిలో మట్టిలా దాక్కుంటుంది, ఊడ్చినా అందదు, తడిసినప్పుడు మాత్రం తనే బయటపడుతుంది, ఇదిగో నేనిక్కడున్నానని. తాపీ అంచు కిందికి పోనిచ్చి చిన్నగా లేపితే చప్పుడు లేకుండా మొత్తం ముద్ద లేచొస్తోంది, కింద మట్టి నల్లగా, గట్టిగా, సిమెంటులా అణిగిపోయి ఉంది. ఒకటి, ఇంకొకటి, అదిగో ఆ పెద్దది, దాని పక్కన పిల్లలు. పాకుతూ పోతున్నాను. నడుం పట్టేస్తుందని నాకు తెలుసు, ఈ వయసులో ఇలా కూర్చుంటే లేవలేక ఇక్కడే ఉండిపోతాననీ, జీపువాళ్ళు వచ్చి నన్ను కూడా స్తంభంలా మోసుకెళ్ళాలనీ తెలుసు, అయినా చెయ్యి ఆగడం లేదు. ఎన్నాళ్ళయిందో ఒక పనిలో ఇలా పడి. భయపడటానికి కంటికి కనిపించేది, చేతికి దొరికేది, బక్కెట్లో వేస్తే బక్కెట్లో పడేది నా జన్మలో ఇదే మొదటిది.

ఎందుకంటే పిచ్చుక స్తంభాలెక్కడం మొదలుపెట్టిన రోజు నుంచీ నేను పడిన భయాలన్నీ చేతికందనివే. వాన పడితే తీగ మీద చెయ్యి వేస్తుందని, ఎండ కాస్తే పైన కళ్ళు తిరుగుతాయని, గాలి వస్తే నిచ్చెన ఒరుగుతుందని, బెల్టు కొక్కెం సరిగ్గా పడిందో లేదోనని, కింద ఉన్నవాడు ఫోన్ చూసుకుంటూ కరెంటు ఇచ్చేస్తాడని. అది పనికి వెళ్ళిన ప్రతి పూటా మా ఇంట్లో లైటు మినుకుమంటే నా ప్రాణం మినుకుమనేది. మా ఆయన, “ఒసేయ్, లైటు వెలుగుతోందంటే అది బాగుచేసిందనే కదా అర్థం,” అనేవారు, ఆ మాట నా చెవికెక్కేది కాదు. ఇన్నిటికి భయపడ్డానా, మబ్బులకీ గాలికీ తీగలకీ బస్సులకీ అన్నింటికీ భయపడ్డానా, సెలవు రోజున బట్టలు ఆరెయ్యడానికి బక్కెట్టు పట్టుకుని పెరట్లోకి వచ్చిన పిల్ల, అంతెత్తు స్తంభం మీద ఒక్క చేత్తో నిలబడే పిల్ల, సమతలంగా ఉన్న కంకర మీద సర్రున జారి, కాలు మడతపడి, తడి బట్టల మధ్య కూలబడిపోయింది. ఈ ఒక్కదానికి నేను భయపడలేదు. ఈ ఒక్కటీ నా లెక్కలోకి రాలేదు. ఆరోజు దాని మొహంలో నొప్పి కంటే ఆశ్చర్యమే ఎక్కువ కనిపించింది, నేల తనని మోసం చేసిందన్నట్టు. అప్పటి నుంచీ నవ్వు తగ్గింది, తర్వాత మాట తగ్గింది. కట్టు విప్పిన డాక్టరు ఎముక గట్టిగా అతికింది, పరిగెత్తొచ్చు అన్నా, ఈ గుమ్మం దిగలేదు.

“ఏం వదినా, నిధి దొరికిందా?” అంది పక్కింటి వదిన గోడ మీదుగా తల పెట్టి.

“ఆ, దొరికింది. సగం మీకు పంపిస్తాను.”

“మొన్న బ్లీచింగు చల్లమన్నాను కదా, చల్లారా?”

“చల్లాం. దగ్గొచ్చింది మాకు. తెల్లబడి ఊరుకుంది ఇది. వాన పడగానే మళ్ళీ మొదలు.”

“అన్నయ్యగారు పైపుతో కొడతానన్నారుగా?”

కొట్టారు, ఎందుకు కొట్టరు. వ్యాన్లు కడిగే చోటు నుంచి జోరుగా నీళ్ళు చిమ్మే పైపు తెచ్చి, ఆదివారం మధ్యాహ్నం యుద్ధానికి వెళ్తున్నట్టు ప్యాంటు పైకి మడిచి కొట్టారు. ముద్దలు తునాతునకలై ఎగిరి గోడలకీ మొక్కలకీ నా మొహానికీ పడ్డాయి, ఆయన గెలిచానని మీసం దువ్వారు. పదిరోజులు తిరక్కుండానే ఏ తునక ఎక్కడ పడిందో అక్కడ ఒక కాపురం పెట్టింది. నీళ్ళంటే దానికి పండగని ఆయనకీ నాకూ తెలియదు. పైగా ఆరోజు నా వాటా సాయంగా నేను మొక్కలకి వేసే ఎరువు నీళ్ళు మిగిలితే ఇక్కడే పారబోశాను, బలం మొక్కలకి పోనీ, కంకరకి పోనీ, వృథా కాకూడదని. మొక్కల కొట్టావిడకి ఇదంతా చెబితే ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “కడుపు నిండా అన్నం పెట్టి, స్నానం చేయించి, వెళ్ళమంటే ఎలా వెళ్తుందమ్మా,” అంది. ఇదంతా వదినకి చెబితే సాయంత్రానికి వీధంతా నవ్వుతుంది, అందుకని “కొట్టారు, పోలేదు,” అని ఊరుకున్నాను. వదిన గొంతు తగ్గించి, “అమ్మాయి కుర్చీ పనికే వెళ్తుందిగా? ఆడపిల్లకి అదే నయం. హాయిగా మీరు నిద్రపోవచ్చు,” అంది. “అవును వదినా,” అన్నాను. ఇన్నేళ్ళూ ఆ మాట ఎవరైనా అంటే వాళ్ళ నోట్లో చక్కెర పొయ్యాలనిపించేది. ఇప్పుడు ఎందుకో రుచించలేదు.

తాడు దగ్గరికి వచ్చాను. పిచ్చుక పడిన మర్నాడే నేను కట్టిన నైలాను తాడు, గేటు పక్క రాటకీ చూరు స్తంభానికీ మధ్య, దాని మీద ఎర్ర తువ్వాలు ఒకటి, ఎవరూ ఇటు రాకుండా. బట్టల తీగ మేడ మీదికి మార్చాం, పాలు కూరగాయలు అన్నీ ముందు గుమ్మం నుంచే, ఈ దారిని దారి కాదనేశాం. మొదటి రోజు అది కిటికీలోంచి ఆ ఎర్ర తువ్వాలు చూసి, “అమ్మా, లైన్ క్లియర్ తీసుకున్నావా?” అంది. పైకెక్కే ముందు కరెంటు ఆపించి తీసుకునే అనుమతిని వాళ్ళు అలా అంటారు. అదే దాని ఆఖరి హాస్యం. తాడుకి ఇవతల, నేను రోజూ అంట్ల నీళ్ళకోసం తిరిగే చోట, ఎంత వెతికినా ముద్దలు అక్కడొకటి ఇక్కడొకటి, నా చెప్పుల కింద రాళ్ళు ఎప్పుడూ కదులుతూ, తిరగబడుతూ ఉంటాయి కాబోలు. తాడుకి అవతల చూస్తే అడుగు పెట్టే సందు లేదు. పరుపు పరిచినట్టు, ఒకదాని మీద ఒకటి, నా అరచెయ్యంత, నా పళ్ళెమంత. పిచ్చుక పడిన రోజున ఇక్కడ ఉన్నది ఇంతంటే ఇంతే, బట్టల నీళ్ళు కారే చోట ఒక చారిక. ఇదంతా ఆ తర్వాత, తాడు కట్టాక, ఎవరి కాలూ తగలక, ఏ రాయీ కదలక, నీడలో హాయిగా పెరిగింది. నేను కాపలా కాసి పెంచాను. గుండె దడదడలాడింది, కానీ అది ఎప్పటి దడ కాదు, చీకట్లో తడుముతూ ఉంటే స్విచ్చు చేతికి తగిలినప్పటి దడ. లేచి, ముడి విప్పబోయాను, రాలేదు, నేనే కట్టాను కదా, నా ముళ్ళు అలాగే ఉంటాయి. వంటింట్లోంచి కత్తి తెచ్చి కోసేశాను. తువ్వాలు బురదలో పడింది, పడనీ.

తర్వాత చేతులకి ఒక పిచ్చి పట్టింది. తాపీ పక్కన పడేసి రెండు చేతులతోనే ఎత్తి వేశాను, బక్కెట్టు నిండితే గోనెసంచిలో, సంచి బరువెక్కితే ఈడ్చి గోడవారన. ఆరాక కట్టి చెత్తబండిలో వెయ్యాలి, మళ్ళీ మట్టిలో పారెయ్యకూడదు, మూతలో ముక్క చెప్పింది కదా నాకు. ఇనుప పళ్ళున్న కర్ర తెచ్చి కంకర మొత్తం దువ్వాను, పిల్లకి బడికి వెళ్ళే ముందు చిక్కు తీసినట్టు, అడుగు రాయి పైకి వచ్చేలా, పై రాయి అడుగుకి పోయేలా. అణిగిపోయిన మట్టి పెళ్ళలుగా లేచింది, గాలి తగిలి కొత్త వాసన వేసింది. చూరు గొట్టం నీళ్ళు ఇక్కడే ఎందుకు పడాలి, ఒక పాత రేకు ముక్క ఏటవాలుగా పెడితే కాలవలోకి పోవా అని అది కూడా పెట్టాను, పోతున్నాయి, చూస్తే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాలనిపించింది. కొమ్మల మధ్య నుంచి ఎండ ఒక పలకలా వచ్చి దువ్విన రాళ్ళ మీద వాలింది. రాళ్ళకి ఇన్ని రంగులుంటాయని నాకు తెలియదు, బూడిద, ఎరుపు, నీలం, ఒకటి మరీ తెల్లగా పాలపన్నులా. పాదం పెట్టి చూశాను. కరకరలాడింది. మడమ తిప్పాను, జారలేదు, ఇంకోసారి తిప్పాను, కావాలనే జారాలని తిప్పాను. వదిన చూస్తే నాట్యమనుకునేది.

వెనక్కి తిరిగేసరికి పిచ్చుక గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో. పనికి వేసుకునే ముదురు రంగు చొక్కా, ప్యాంటు, పక్కన బరువైన బూట్లు, తాళ్ళు కట్టకుండా. ఆ బూట్లు స్తంభానికీ వేస్తుంది, ఆఫీసుకీ వేస్తుంది, వాటిని చూసి ఏమీ చెప్పలేం. నేను మోచేతుల దాకా బురదలో, జుట్టులో ఆకుతో నిలబడ్డాను. ఇప్పుడు చెప్పాలి, కుర్చీకే వెళ్ళమ్మా అని. నాలుక చివర ఉంది, ఇన్నేళ్ళుగా అక్కడే ఉంది. లేదంటే నీ ఇష్టం అనాలి, అది ఇంకా పెద్ద అబద్ధం, నా ఇష్టం ఏమిటో దానికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. దూరంగా వెనక దారి మలుపులో జీపు చప్పుడు వినబడింది, నిచ్చెనలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. నా నోటి నుంచి ఏం వచ్చిందో నాకే వింతగా వినిపించింది. “ఏమే,” అన్నాను, “పైకెక్కితే అక్కడ నుంచి ఏం కనిపిస్తుంది?”

అది తలెత్తి నా వైపు చూసింది. జాగ్రత్త అనడం, దిగు అనడం, తిన్నావా అనడం, చేరగానే ఫోన్ చెయ్యి అనడం, ఇవే నేను దానితో అన్న మాటలు, పైన ఏముందని ఒక్కనాడూ అడగలేదు, పైన ఉన్నదంతా నాకు మంటా మసీ, స్తంభానికి వేలాడే బెల్టూను. అది బూటు ఒకటి ఒళ్ళో పెట్టుకుని తాడు చివర వేళ్ళతో నలుపుతోంది. జీపు గేటు దగ్గర ఆగింది. ఎందుకడిగాను, గాయం కెలికాను, ఇప్పుడు ఏడుస్తుంది, లేచి లోపలికి పోయి తలుపేసుకుంటుంది, ఉద్యోగమే మానేస్తానంటుంది, నాతో ఇక జన్మలో మాట్లాడదు, లోపల ఎక్కడో ఎముక కంటే పెద్దది విరిగి ఉంటుంది, డాక్టరు ఫోటోలో అది పడి ఉండదు, చూరు నుంచి ఒక చుక్క రేకు మీద పడింది, ఇంకోటి పడింది, డ్రైవరు హారను ఒకసారి కొట్టి ఊరుకున్నాడు, అది కుడి బూటు తొడిగింది, ఎడమ కాలు, ఆ కాలు, మెల్లగా పోనిచ్చింది, తాళ్ళు గట్టిగా లాగి రెండు ముళ్ళు వేసింది, లేచింది, మెట్టు దిగింది, నా కాళ్ళ కింద కాదు దాని కాళ్ళ కింద కంకర కరకరమంది, నేను పట్టుకోవడానికి చెయ్యి చాచకుండా ఉండటానికి రెండు చేతుల్నీ కొంగులో చుట్టేసుకున్నాను, అది నన్ను దాటి గేటు దాకా నడిచి, గడియ మీద చెయ్యి వేసింది.

“ఎప్పుడూ చూడలేదమ్మా,” అంది అప్పుడు, వెనక్కి తిరక్కుండానే. “పైన ఉన్నంతసేపూ చేతులే చూసుకుంటాం. ఇవాళ చూసొచ్చి చెప్తాను.”